అప్‌డేట్ అయిన మర్నాడు: లినక్స్‌కు కొత్తవారి కోసం

గడచిన కొన్ని మాసాలుగా ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాలలో ఒక మార్పు కనిపిస్తున్నది. ఇదివరకు ఎక్కువమంది ‘ఏ కంప్యూటరు కొనాలి?’ అని అడిగేవారు. ఇప్పుడు ‘ఉన్న కంప్యూటరును ఎలా నిలుపుకోవాలి?’ అని అడుగుతున్నారు. కారణం తెలిసినదే. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ ఇస్తున్న సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 వేసుకోవాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, ఆ సంస్థ ఆమోదించిన ప్రాసెసరు ఉండాలి. ఎనిమిది, తొమ్మిదేళ్ళ క్రితం కొన్న ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఈ అర్హత లేదు. తెర బాగుంది, మీటలు బాగున్నాయి, పిల్లల చదువుకు, ఇంటి లెక్కలకు సరిపోతున్నది. అటువంటి వస్తువును పారవేయడానికి మనసొప్పని కుటుంబాలు లినక్స్ వైపు చూస్తున్నాయి.

ఇది హర్షించదగినదే. అయితే ఇందులో ఒక చిక్కు ఉన్నది. సాధారణంగా ఇంజనీరింగు చదివే అబ్బాయో, అమ్మాయో సెలవులకు వచ్చి, పెన్‌డ్రైవు సాయంతో ఉబుంటునో, లినక్స్ మింట్‌నో వేసి, రెండు మాటలు చెప్పి హాస్టలుకు వెళ్ళిపోతారు. వాడుకోవలసిన అమ్మీజాన్, దాదాజాన్ ఇంట్లో మిగులుతారు. కొన్నాళ్ళు అంతా సవ్యంగా నడుస్తుంది. ఒకనాడు ‘అప్‌డేట్లు సిద్ధంగా ఉన్నాయి’ అని తెర అడుగుతుంది. సరేనని మీట నొక్కుతారు. మర్నాడు ఏదో ఒకటి పనిచేయదు.

ప్రకాశం జిల్లా నుండి ఒక సోదరి సలాముతో మొదలుపెట్టి వ్రాసిన ఉత్తరం మా ముందున్నది. భర్త మరణించి రెండేళ్ళయింది. ల్యాప్‌టాప్ ఆయనదే. అందులో దుకాణం బాకీల లెక్కలున్నాయి, పిల్లల చిన్ననాటి ఫోటోలున్నాయి. చిన్న కూతురికి ఎక్కాలు నేర్పుతూ రికార్డు చేసిన ఆయన గొంతు ఉన్నది. ఆడపడుచు కొడుకు ఆ ఫైళ్ళను జాగ్రత్తగా ఉంచి ఉబుంటు వేసి ఇచ్చాడు. మొన్న అప్‌డేట్ చేసి తిరిగి ఆన్ చేయగా వైఫై మాయమైంది. ‘సిస్టమ్ ప్రోగ్రామ్‌లో సమస్య కనుగొనబడింది’ అనే అర్థంతో ఒక చిన్న పెట్టె పదే పదే తెరమీదకు వస్తున్నది. ఊరిలోని మరమ్మతు దుకాణంవారు చూసి, వైరస్ పట్టింది, ఫార్మాట్ చేయక తప్పదు అన్నారు. “నేను నొక్కిన ఒక్క మీట వల్ల ఆయన గొంతు కూడా పోయినట్లేనా?” అని ఆ సోదరి అడిగారు.

పోలేదు. ఈ మాట ముందుగా చెప్పవలసి ఉన్నది. ఎందుకు పోలేదో గ్రహిస్తే ఈ సమస్యలో సగం భయం తీరిపోతుంది.

అప్‌డేట్ దేనిని మారుస్తుంది?

లినక్స్ అనేది నిజానికి కెర్నల్ పేరు. 1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ దానిని ప్రారంభించాడు. యంత్రంలోని భాగాలతో, అనగా డిస్కు, తెర, వైఫై, శబ్దం వంటివాటితో మాట్లాడేది ఈ కెర్నల్. దాని చుట్టూ వేలాది ఇతర ప్రోగ్రాములను పేర్చి, ఒక పేరు పెట్టి అందించేవి ఉబుంటు, డెబియన్, మింట్ వంటి పంపిణీలు. ఉబుంటు 2004లో మొదలైంది. రెండేళ్ళకొకసారి ఏప్రిల్‌లో వెలువడే దాని దీర్ఘకాలిక సంచికకు ఐదేళ్ళ సాధారణ మద్దతు ఉంటుంది. కొత్తవారు వేసుకోదగినది అదే.

అప్‌డేట్ చేసినప్పుడు మారేది ఈ కెర్నల్, ఈ ప్రోగ్రాములు మాత్రమే. మీ ఫోటోలు, లెక్కలు, రికార్డింగులు ‘హోమ్’ అనే వేరు ఫోల్డరులో ఉంటాయి. అప్‌డేట్ వాటి జోలికి పోదు. ఇంటికి కొత్త తలుపు బిగించేటప్పుడు వడ్రంగి బీరువాలోని బట్టలను కదిలించడు కదా! తలుపు సరిగా పడకపోవచ్చు, గడియ బిగుసుకోవచ్చు. బట్టలు మాత్రం బీరువాలోనే ఉంటాయి. ఫార్మాట్ అనేది దీనికి పూర్తిగా భిన్నమైనది. అది బీరువాతో సహా ఇల్లు ఖాళీ చేయించడం. అందుచేత అప్‌డేట్ వల్ల వచ్చిన ఇబ్బందికి ఫార్మాట్‌ను మొదటి మందుగా ఎవరు చెప్పినా ఒప్పుకోకండి.

మరొక సంగతి కూడా ఉన్నది. కుటుంబ ఫోటోలున్న యంత్రాన్ని రెండు రోజులు పరాయి దుకాణంలో వదలిరావడం మన ఇండ్లలో చాలామందికి ఇష్టముండదు. ఇంట్లోనే చేసుకోగల పనిని ఇంట్లోనే చేసుకోవడం మేలు.

పాత కెర్నల్ ఇంకా ఉన్నది

ఉబుంటులో కొత్త కెర్నల్ వచ్చినప్పుడు పాతదానిని వెంటనే తీసివేయరు. కనీసం ఒకదానిని పక్కన ఉంచుతారు. సరిగా ఇటువంటి రోజు కోసమే ఆ ఏర్పాటు. యంత్రాన్ని ఆపి తిరిగి ఆన్ చేయండి. కంపెనీ గుర్తు కనిపించి పోగానే ‘ఎస్కేప్’ మీటను ఒకసారి నొక్కండి. మరీ పాత యంత్రాలలో అయితే ఆన్ చేసినప్పటి నుండి ‘షిఫ్ట్’ మీటను నొక్కి పట్టుకోవలసి ఉంటుంది. అప్పుడు గ్రబ్ అనే జాబితా వస్తుంది. అందులో రెండవ వరుసగా ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ ఫర్ ఉబుంటు’ అని ఉంటుంది. దానిని తెరిస్తే కెర్నల్‌ల సంఖ్యలు వరుసగా కనిపిస్తాయి. ఒక్కొక్క సంఖ్యకు మామూలు వరుస ఒకటి, ‘రికవరీ మోడ్’ అని వ్రాసిన వరుస ఒకటి ఉంటాయి. పైనున్నది కొత్తది. దాని కింది సంఖ్యలో, ‘రికవరీ’ అనే మాట లేని వరుసను ఎంచుకొని ‘ఎంటర్’ నొక్కండి.

ఆ సోదరికి మేము ఫోనులో చెప్పినది ఇంతే. పాత కెర్నల్‌తో తెరవగానే వైఫై తిరిగి వచ్చింది. వైరస్ అన్నది అవాస్తవమని, డిస్కు చెడిపోలేదని, కొత్త కెర్నల్‌కు, వైఫై డ్రైవరుకు పొత్తు కుదరలేదని దానితో తేలిపోయింది. మరమ్మతు సంగతి తరువాత చూద్దాము, ముందు హోమ్ ఫోల్డరు మొత్తాన్ని బయటి హార్డ్‌డిస్కులోకి కాపీ చేయించండి అని కోరాము. మీరు కూడా ఈ క్రమాన్నే పాటించండి. ముందు భద్రత, తరువాత మరమ్మతు.

వైఫై ఎందుకు పోతుంది?

చాలా పరికరాల డ్రైవర్లు కెర్నల్‌లోనే ఉంటాయి. కెర్నల్‌తోపాటే అవీ మారతాయి, ఇబ్బంది ఉండదు. కొన్ని మాత్రం బయటివి. బ్రాడ్‌కామ్ తయారుచేసిన కొన్ని వైఫై చిప్పులు, ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డులు ఇందుకు ఉదాహరణలు. ఈ బయటి డ్రైవర్లను ప్రతి కొత్త కెర్నల్‌కు సరిపడునట్లు తిరిగి తయారుచేయాలి. ఆ పనిని డీకేఎంఎస్ అనే ఏర్పాటు తనంతట తాను చేస్తుంది. మధ్యలో కరెంటు పోయినా, డిస్కులో చోటు చాలకపోయినా, డ్రైవరు కొత్త కెర్నల్‌కు ఒదగకపోయినా ఆ తయారీ ఆగిపోతుంది. బ్రాడ్‌కామ్ అయితే వైఫై కనబడదు. ఎన్విడియా అయితే నల్లని తెర మిగులుతుంది.

పరిష్కారానికి ఇంటర్నెట్ కావాలి. వైఫై లేదు కదా అని నిరాశపడనక్కరలేదు. ఆండ్రాయిడ్ ఫోనును కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి, ఫోను సెట్టింగులలో ‘యూఎస్‌బీ టెథరింగ్’ను ఆన్ చేస్తే చాలు. ల్యాప్‌టాప్ దానిని తీగ ద్వారా వచ్చిన ఇంటర్నెట్‌గా గుర్తిస్తుంది. ఆ తరువాత ‘అడిషనల్ డ్రైవర్స్’ అనే కిటికీని తెరిచి, మీ పరికరానికి చూపిన డ్రైవరును తిరిగి ఎంచుకోండి.

ఇక్కడ ఒక మెలిక గలదు. యంత్రంలో ‘సెక్యూర్ బూట్’ ఆన్‌లో ఉంటే డ్రైవరు వేసేటప్పుడు ఒక కొత్త పాస్‌వర్డు పెట్టమని అడుగుతుంది. తిరిగి ఆన్ చేసినప్పుడు నీలిరంగు తెర వస్తుంది. అది పది సెకన్లే ఆగుతుంది. కొత్తవారు దానిని చూసి కంగారుపడి వదలివేస్తారు. డ్రైవరు వేసినా పనిచేయడం లేదని తరువాత వాపోతారు. ఆ తెరమీద ఏదైనా మీట నొక్కి, ‘ఎన్‌రోల్ మాక్’ను ఎంచుకొని, ముందు పెట్టిన పాస్‌వర్డును ఇవ్వాలి. ఈ డ్రైవరును నమ్మవచ్చునని యంత్రానికి మీరు చెప్పే అంగీకారం అది.

డ్రైవరు ఇప్పటికీ ఒదగకపోతే కొద్ది రోజులు పాత కెర్నల్‌తోనే పని నడుపుకొని, తరువాతి అప్‌డేట్ కోసం వేచి చూడండి. కాని నెలల తరబడి అలాగే ఉండిపోవద్దు. కొత్త కెర్నల్‌లలో భద్రతా సవరణలు ఉంటాయి.

అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే

వేసవిలో ఇది మన ఊళ్ళలో మామూలే. తిరిగి అప్‌డేట్ చేయబోతే, డీపీకేజీ పని మధ్యలో ఆగింది, ఫలానా ఆదేశం ఇవ్వండి అని యంత్రమే చెబుతుంది. లినక్స్‌లో పొరపాటు సందేశం తరచుగా మందుచీటీని కూడా వెంట తెస్తుంది. చదవకుండా మూసివేసేది మనమే.

ఇందుకు ‘టెర్మినల్’ తెరవాలి. కంట్రోల్, ఆల్ట్, టి మీటలను ఒక్కసారిగా నొక్కితే అది వస్తుంది. ఆదేశాలను ఇక్కడ తెలుగు ఉచ్చారణలో ఇస్తున్నాము. మీరు ఇంగ్లీషు చిన్నబడి అక్షరాలలో, మాటకు మాటకు నడుమ ఒక ఖాళీ విడిచి టైపు చేయాలి. మొదటిది: ‘సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఎ’. సగంలో ఆగిన పనిని ఇది పూర్తి చేస్తుంది. రెండవది: ‘సుడో ఏపీటీ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్’. తెగిన లంకెలను ఇది కలుపుతుంది.

‘సుడో’తో మొదలయ్యే ఆదేశం మీ పాస్‌వర్డును అడుగుతుంది. టైపు చేస్తున్నప్పుడు తెరమీద చుక్కలు కూడా కనిపించకపోవచ్చు. కీబోర్డు పాడైందని అనుకోవద్దు. పక్కవారికి అక్షరాల సంఖ్య కూడా తెలియకూడదని పెట్టిన ఏర్పాటు అది. టైపు చేసి ఎంటర్ నొక్కండి.

‘లాక్ దొరకలేదు’ అనే అర్థంతో సందేశం వస్తే, మరొక అప్‌డేట్ తెరవెనుక నడుస్తున్నదని భావం. ఉబుంటు భద్రతా సవరణలను తనంతట తాను వేసుకుంటూ ఉంటుంది. పది, పదిహేను నిమిషాలు ఆగండి. లాక్ ఫైలును తొలగించమని ఎవరైనా సలహా ఇస్తే పాటించవద్దు. ఒకే ఖాతా పుస్తకంలో ఇద్దరు ఒకేసారి వ్రాయకుండా కాపాడేది ఆ లాకే.

‘చోటు లేదు’ అనే సందేశం వస్తే ‘డీఎఫ్ -హెచ్’ అని ఇచ్చి చూడండి. ఏ విభాగం ఎంత నిండిందో శాతాలలో చూపుతుంది. ‘బూట్’ అనే విభాగం వేరుగా ఉన్న యంత్రాలలో పాత కెర్నల్‌లు పోగుపడి అది నిండిపోతుంది. ‘సుడో ఏపీటీ ఆటోరిమూవ్’ అనే ఆదేశం అక్కరలేని పాతవాటిని తీసివేస్తుంది.

‘వై’ నొక్కేముందు

ఆదేశం ఇచ్చిన తరువాత యంత్రం ఒక జాబితా చూపి, కొనసాగించనా అని అడుగుతుంది. ఆ జాబితాలో కొత్తగా వేసేవి, మార్చేవి, తొలగించేవి వేరువేరుగా ఉంటాయి. మూడవ భాగాన్ని తప్పక చదవండి. అక్కడ ‘ఉబుంటు-డెస్క్‌టాప్’ వంటి పేరు కనిపిస్తే ‘ఎన్’ నొక్కి ఆపివేయండి.

ఇది ఊహించి చెబుతున్న జాగ్రత్త కాదు. 2021 నవంబరులో లైనస్ సెబాస్టియన్ అనే ప్రసిద్ధ యూట్యూబ్ వ్యాఖ్యాత పాప్ ఓఎస్ అనే లినక్స్‌లో స్టీమ్ అనే ఆటల ప్రోగ్రామును వేయబోయాడు. ప్యాకేజీల లంకెలలో ఉన్న ఒక లోపం వల్ల, డెస్క్‌టాప్ మొత్తాన్ని తొలగిస్తానని యంత్రం హెచ్చరించింది. నిజంగా కావాలంటే ‘అవును, నేను చెప్పినట్లు చేయి’ అనే వాక్యాన్ని ఇంగ్లీషులో టైపు చేయమన్నది. ఆయన టైపు చేశాడు. తెర పోయింది. పేరు టోర్వాల్డ్స్‌దే గాని మనిషి వేరు! ఆ తరువాత ఏపీటీ నిర్మాతలు అటువంటి తొలగింపు అంత సులువుగా జరగకుండా కట్టుదిట్టం చేశారు. లోపం ప్యాకేజీదే అయినా, హెచ్చరికను చదివి ఆగి ఉంటే డెస్క్‌టాప్ మిగిలేది. కంప్యూటర్ల గురించి చెప్పడమే వృత్తిగా గలవారికే ఇది జరిగితే, ఇంట్లో వాడేవారు నిదానంగా చదవడంలో చిన్నతనం ఏమున్నది?

పదే పదే వచ్చే ఆ చిన్న పెట్టె

ఏదైనా ప్రోగ్రాము హఠాత్తుగా ఆగిపోతే ఉబుంటు ఒక నివేదికను వ్రాసి దాచుకుంటుంది. ‘వార్’ అనే ఫోల్డరులోని ‘క్రాష్’ అనే ఫోల్డరులో అది ఉంటుంది. నివేదిక అక్కడ ఉన్నంతకాలం పెట్టె మళ్ళీ కనిపించవచ్చు. అనగా పెట్టె వచ్చిన ప్రతిసారీ కొత్త సమస్య వచ్చినట్లు కాదు. పాత నివేదికే తిరిగి పలకరిస్తూ ఉండవచ్చు. ఆ ఫోల్డరును తెరిచి తేదీలు చూస్తే సంగతి తెలుస్తుంది. పాత నివేదికలను తొలగిస్తే పెట్టె ఆగిపోతుంది. అయితే తొలగించే ఆదేశంలో ఒక్క ఖాళీ అటూ ఇటూ అయితే అపకారం జరుగుతుంది. కనుక తెలిసిన పిల్లలు ఇంటికి వచ్చేవరకు ఆగడం మంచిది. అంతవరకు పెట్టెను మూసివేస్తూ ఉండండి, నష్టం లేదు.

అలాగే యంత్రం తెరుచుకునేటప్పుడు ‘ఏసీపీఐ’ అనే మాటతో కొన్ని లోపాల వరుసలు క్షణకాలం కనిపించి పోతాయి. యంత్రం ఆ తరువాత సవ్యంగా పనిచేస్తున్నట్లయితే వాటిని పట్టించుకోనక్కరలేదు. చాలామట్టుకు అవి తయారీదారు వేసిన బయాస్‌లోని చిన్న లోపాలు.

సహాయం అడిగే పద్ధతి

దూరాన ఉన్న అబ్బాయికి ఫోను చేసి ‘పనిచేయడం లేదు’ అని మాత్రం చెబితే అతడు ఏమి చేయగలడు? వైద్యుని వద్ద ‘బాగాలేదు’ అన్నట్లుంటుంది. మూడు సంగతులు చెప్పండి. ఏ లినక్స్, ఎన్నవ సంచిక. చివరిగా ఏమి చేశారు. తెరమీద ఉన్నది ఉన్నట్లుగా ఏ మాటలు వచ్చాయి. ఆ మాటలను ఫోనుతో ఫోటో తీసి పంపండి. అడిగినవారికి మరిన్ని వివరాలు కావలసి వస్తే, ‘జర్నల్‌సీటీఎల్ -బి -1 -పి ఎర్’ అనే ఆదేశం క్రితంసారి తెరిచినప్పటి లోపాలను చూపుతుంది. ‘వార్’, ‘లాగ్’, ‘ఏపీటీ’ ఫోల్డర్ల వరుసలో ఉన్న ‘హిస్టరీ’ అనే ఫైలు ఏ రోజున ఏవేవి మారాయో చెబుతుంది.

పాస్‌వర్డును మాత్రం ఎవరికీ పంపవద్దు. ముక్కూ మొహం తెలియనివారు చెప్పిన ఆదేశాన్ని అర్థం తెలుసుకోకుండా టైపు చేయవద్దు. ముఖ్యంగా ‘సుడో ఆర్‌ఎమ్ -ఆర్‌ఎఫ్’ అని మొదలైతే అక్కడే ఆగండి. అది అడగకుండా తుడిచివేసే ఆదేశం.

ముందుగా చేసి పెట్టుకోవలసినవి

లినక్స్ వేసి ఇచ్చే పిల్లలకు మా మనవి ఒకటి ఉన్నది. హాస్టలుకు బయలుదేరేముందు ‘టైమ్‌షిఫ్ట్’ అనే ప్రోగ్రామును సిద్ధం చేసి వెళ్ళండి. మింట్‌లో అది ముందే ఉంటుంది. ఉబుంటులో వేసుకోవాలి. అప్‌డేట్‌కు ముందు వ్యవస్థ ఎలా ఉన్నదో అది భద్రపరుస్తుంది. తరువాత చెడితే వెనుకటి స్థితికి తెస్తుంది. అయితే అది మామూలుగా హోమ్ ఫోల్డరును కాపీ చేయదు. ఫోటోలకు, లెక్కలకు వేరే కాపీ ఉండి తీరాలి. ఒకటి బయటి హార్డ్‌డిస్కులో, ఒకటి మరొక బంధువుల ఇంట్లో ఉంటే ఇంకా నిశ్చింత. అమ్మీజాన్‌ను పక్కన కూర్చోబెట్టుకొని, పాత కెర్నల్‌ను ఎంచుకోవడం ఒకసారి ఆమె చేతనే చేయించండి. మీరు పది ఆదేశాలు వ్రాసి ఇచ్చినదానికంటె ఇది ఎక్కువ ఉపయోగపడుతుంది.

అప్‌డేట్‌కు కూర్చునేవారు ఛార్జరు తగిలించి, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి. మర్నాడు పరీక్ష ఉన్నదనగా, దరఖాస్తుకు చివరి తేదీ అనగా మొదలుపెట్టవద్దు. పిల్లలకు సెలవు, మీకు తీరిక ఉన్న రోజు చూసుకోండి. కాని భయపడి అప్‌డేట్లను పూర్తిగా మానుకోవడం సరికాదు. విండోస్ 10ను విడిచిపెట్టినది భద్రతా సవరణలు ఆగిపోయినందుకే కదా. లినక్స్‌కు వచ్చి వాటిని మనమే ఆపుకుంటే మారిన ప్రయోజనం ఉండదు.

వచ్చే మాసం ఈ శీర్షికలో పెన్‌డ్రైవు నుండి నేరుగా నడిచే లైవ్ లినక్స్ తయారీని వివరిస్తాము. యంత్రం ఏ కెర్నల్‌తోనూ తెరుచుకోనప్పుడు లోపలి ఫైళ్ళను బయటకు తీసుకొనేందుకు అది పనికివస్తుంది. అందుకు 8 జీబీ పెన్‌డ్రైవు ఒకటి ఖాళీ చేసి సిద్ధంగా ఉంచుకోండి.